నలభై ఆరు ఆకుల హోస్టా

జరిగిన అన్యాయాలు, తేదీల వారీగా:

1. 1943 జూలై. నర్సు శిక్షణలో ఉన్న ఒక అమ్మాయి పెళ్లి పూలగుత్తి చుట్టూ పెట్టడానికి మూడు ఆకులు కోసింది. అడగలేదు.

2. 1944 ఏప్రిల్. నత్తలు రాకుండా ఆ మొక్క తొట్టి చుట్టూ నేను పోసిన బూడిదను చెత్త అనుకొని ఊడ్చివేశారు. రెండు రోజులలో రెండు ఆకులు జల్లెడలయ్యాయి.

3. 1945 నవంబరు, మొదటి ఆదివారం. నేను కుప్పంలో ఉండగా ఆ తొట్టిని నలుగురు మోసుకొనిపోయి, ప్రార్థనా మందిరంలో కోత పండుగ బల్ల ముందు పెట్టారు.

4. అదే రోజు మధ్యాహ్నం. దానిని వేలం పాడారు.

5. 1945 నవంబరు, మూడవ వారం. ఎందుకు చేశారని నేను కాగితం మీద అడిగితే నోటిమాటతో సరిపెట్టారు.

6. 1946 మార్చి, 1947 జనవరి, 1948 ఆగస్టు. నా మూడు అర్జీలకూ జవాబు లేదు.

ఏడవది కూడా ఒకటి ఉంది. దానిని తగిన చోట రాస్తాను.

నేను మదనపల్లెలోని ఒక మిషన్ ఆసుపత్రిలో ఇరవై తొమ్మిది సంవత్సరాలు కాంపౌండరుగా పనిచేసి, నిరుడు, అనగా 1948లో, ఉద్యోగం విరమించాను. చీటీ అంటించని సీసా ఏదీ నా కిటికీ దాటి బయటికి పోలేదు. కురిసిన వాన, బావిలో నీటి మట్టం, మందుల గదిలోని చలిపెట్టెకు వత్తి మార్చిన రోజు, వీటిని వేరువేరు పుస్తకాలలో రాసి ఉంచాను. కొందరు దీనిని జబ్బు అన్నారు. జబ్బే అయితే దానికి మందు కలపడం నాకు చేతకాలేదు.

ఆ పుస్తకాలలో ఒకదాని అట్ట మీద 'ఆకులు' అని ఉంది. ఈ రాత ఆ పుస్తకం గురించి.

1939లో మా డాక్టరమ్మగారు స్వదేశంలో సెలవు గడిపి తిరిగి వస్తూ, తడి నాచులో చుట్టిన ఒక వేరు ముక్కను ఓడలో వెంట తెచ్చారు. ఆమె తల్లి తోటలో, గోడ నీడన, ఆమె పుట్టక ముందు నుండి పెరుగుతున్న మొక్క అది. పేరు హోస్టా. పూస్తుంది కాని, దానిని పెంచేది పూవు కోసం కాదు, ఆకు కోసం. మా దగ్గర మొదటి యేడు ఆకు అరచేయంత వచ్చింది. నాలుగవ యేటికి మూరెడు అయింది. నడుమ మబ్బు పట్టిన ఆకుపచ్చ; అంచున వేలెడు వెడల్పున వెన్న రంగు; ఒకటి మరొకదానిలోకి చొరబడిన చోట చారలు. ఏ రెండు ఆకులకూ ఒకే అంచు ఉండదు. ఈ మాట నేను అందం చూసి మురిసి రాయడం లేదు. ఒక్కొక్క ఆకునూ ఎత్తి, చూసి, లెక్క వేసినవాడిగా రాస్తున్నాను.

ఆపరేషన్ గది ఉత్తరపు గోడకూ బావికీ నడుమ, రెండు నేరేడు చెట్ల కింద, ఆమె ఒక నీడతోట వేయించారు. పైన వెదురు తడికలు, లోపల ఫెర్నులు, బెగోనియాలు, మధ్యలో పెద్ద మట్టి తొట్టిలో ఈ హోస్టా. ఉదయం అరగంట ఎండ, అంతే. బావి నీరు ఉప్పన కనుక దానికి పోయలేదు. మందుల గది కప్పు మీది వాన నీటిని పెద్ద గాజు జాడీలలో పట్టి ఉంచి, అదే పోశాను.

అయినా మొదటి చలికాలం తరువాత అది నీరసించింది. మాఘ మాసంలో మనం రెండు దుప్పట్లు కప్పుకొనే చలి దానికి చలే కాదట. దానికి మంచు కావాలి. మంచు పడితే అది ఆకులన్నీ రాల్చి, భూమిలోపల చచ్చినట్టు నిద్రపోయి, ఆ నిద్ర బలంతో మళ్లీ లేస్తుంది. నిద్రపోనివ్వకపోతే ఏటికేడు చిక్కి పోతుంది. డాక్టరమ్మగారు వారం రోజులు ఆలోచించి, ఒక ఉదయం మందుల గదిలోని చలిపెట్టె తలుపు తెరిచి నిలబడ్డారు. కిరసనాయిలు దీపంతో నడిచే పెట్టె అది. సీరం సీసాల కింద ఒక అర ఖాళీగా ఉంది.

ఆ తరువాత ప్రతి సంవత్సరమూ ఒకటే పద్ధతి. దసరా దాటాక ఆకులు పసుపు తిరిగి ఒకటొకటిగా వాలిపోతాయి. వేరు తీసి, మట్టి దులిపి, తడి నాచులో చుట్టి, బిస్కెట్ డబ్బాలో పెట్టి, ఆ అరలో అరవై రోజులు ఉంచాలి. డబ్బా మీద నా చీటీ: 'చావలేదు. నిద్రలో ఉంది. తీయరాదు.'

తోట ఊడ్చే అవ్వ ఆ చీటీని నా చేత చదివించుకొని నోరు తెరిచింది.

"ఏమప్పా కాంపౌండరా, సచ్చినోళ్లను ఆ ఎనక గదిలో పెడ్తారు. దీన్ని మందులకాడ పెడ్తాండావే?"

"చావలేదవ్వా. నిద్రపోతాండాది."

"రెండు నెల్ల నిద్దరా! ఆ పెట్టెలో నాగ్గూడా ఇంత సోటుంటే సెప్పు సామీ, నా కోడలికి తెలీకుండా వచ్చి పండుకుంటా."

ప్రతి ఏప్రిల్ నెలలో ఒక సాయంత్రం డాక్టరమ్మగారు ముక్కాలిపీట వేసుకొని తొట్టి ముందు కూర్చొని, ఒక్కొక్క ఆకునూ వేలితో ఎత్తి లెక్కపెట్టేవారు. నేను రాసేవాడిని. 1940లో తొమ్మిది. మరుసటి యేడు పద్నాలుగు. తరువాత ఇరవై రెండు, ముప్పై ఒకటి, ముప్పై ఎనిమిది. ఆమెకూ నాకూ మధ్య ఇరవై యేళ్లలో జరిగిన సంభాషణలన్నీ ఆసుపత్రివి. ఆసుపత్రివి కానివి ఈ అయిదు అంకెలే.

1944 చివరలో ఆమెకు జబ్బు చేసి స్వదేశం పోవలసి వచ్చింది. కారెక్కుతూ ఆమె మాట్లాడిన తెలుగు మా చిత్తూరు జిల్లా తెలుగే.

"నువ్వు రాసి పెట్టప్పా. నేను వచ్చి లెక్క సరిసూస్తా."

మరుసటి సెప్టెంబరులో ఉత్తరం వచ్చింది. యుద్ధంలో బాంబు పడి వాళ్ల ఇల్లు కూలిపోయిందని, తోట ఉన్న చోట ఇటుకల కుప్ప ఉందని, తల్లి ఆ తరువాత ఒక్క చలికాలం మాత్రమే బతికిందని రాశారు. చివర ఇలా ఉంది: 'ఆ వేరు ఇప్పుడు మీ తొట్టిలో తప్ప ఎక్కడా లేదు. వచ్చే వసంతంలో మన నర్సు ఒకామె ఇక్కడికి వస్తుంది. ఆమె చేత ఆ వేరులో ఒక పాయ విడదీసి పంపండి. అమ్మ సమాధి దగ్గర నాటుతాను. ఈ యేడు ఎన్ని ఆకులు?'

నేను జవాబు రాశాను. నలభై ఆరు ఆకులు అని రాశాను. పాయ తప్పక పంపుతాను అని రాసి, కింద సంతకం చేసి, నకలు ఉంచుకొన్నాను. ఆ నకలు ఇప్పుడు నా ముందు ఉంది. దుబ్బు పెరిగింది కనుక పాత డబ్బా చాలదని, రేకు పని చేసే అతనితో కొత్తది చేయించి, చీటీ కూడా అంటించి, చలిపెట్టె పక్కన సిద్ధంగా ఉంచాను.

అక్టోబరు చివర కుప్పంలోని చిన్న దవాఖానాకు కొత్తగా వచ్చిన కాంపౌండరుకు పది రోజులు పని నేర్పి రమ్మన్నారు. నేను బయలుదేరిన నాటికి తొట్టిలో పదకొండు ఆకులు మిగిలి ఉన్నాయి. పదకొండూ అంచున వెన్న రంగుతో, నడుమ నిండు బంగారు రంగుకు తిరిగి ఉన్నాయి.

నేను తిరిగి వచ్చేసరికి నేరేడు చెట్ల కింద తొట్టి ఉండిన చోట గుండ్రటి తడి మచ్చ ఉంది.

మా సంఘంలోని కోత పండుగ తెలియని వారి కోసం రాస్తున్నాను. పంట ఇంటికి వచ్చే రోజులలో ఒక ఆదివారం ఎవరి మొదటి ఫలం వారు తెచ్చి మందిరంలో బల్ల ముందు పెడతారు. వేరుశనగ, రాగులు, గుమ్మడికాయ, కోడి, ఏదైనా. ఆరాధన ముగిశాక వాటిని వేలం పాడతారు. బల్ల ముందు పెట్టినది తిరిగి ఇంటికి పోరాదు. అది కట్టుబాటు. దానిని నేనూ ముప్పై యేళ్లు పాటించాను.

సంఘపెద్దను అడిగాను. మంచి మనిషే. నా ముఖం చూసి కుర్చీ నుండి లేచాడు.

"కోపం సేసుకోవాకండి సార్. ఈ యేడు వాన్లు లేక బల్ల బోసిగా ఉండె. రెండు గుమ్మడికాయలు, ఒక కోడి, కురబలకోట వాళ్లవి ఇన్ని రాగులు. అంతే. మీ చెట్టు సూస్తే బంగారు మాదిరి ఉండాది. ఒక్క పూట అందానికి పెట్టి, సాయంత్రం మళ్లా దాని సోట్లో పెట్టేస్తామనే కదా తెచ్చినాము."

"మరి ఎందుకు పెట్టలేదు?"

"వేలం పాడే ఆయన నిమ్మనపల్లె నుంచి వచ్చినాడు. ఆయనకేం తెలుసు? బల్ల ముందర ఉండేదంతా వరసగా పాడుకుంటా పోయినాడు."

"మీరు అక్కడే ఉన్నారు. ఆపలేదా?"

"యట్ల ఆపేది సార్? బల్ల ముందర పెట్టింది దేవునిది. పాట మొదలైనాక లేచి ఇది మాది అంటే జనం నవ్వరా?"

జనం నవ్వుతారని. నేను ఆ మాటను ఉన్నదున్నట్టు రాసుకొన్నాను. తరువాత ప్రశ్నను కాగితం మీద రాసి ఇచ్చాను. ఆయన దానిని మడిచి జేబులో పెట్టుకొన్నాడు. "అంతా మాట్లాడుకున్నాము కదా సార్. ఇంకా కాయితం యాల?"

వేలంలో దానిని పాడుకొన్నది పుంగనూరులో ఉండే బడిపంతులు. పండుగకు వచ్చి, ఆకులు చూసి ముచ్చటపడి, తొట్టిని బస్సు మీదికి ఎక్కించుకొని పోయాడట. మరునాడే నేను బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులో పుంగనూరు పోయాను. ప్రతి మిట్ట దగ్గరా దిగి, ఇంజను మళ్లీ ఊపిరి పీల్చుకొనే దాకా నిలబడి, మధ్యాహ్నానికి చేరాను. పంతులు బడిలో ఉన్నాడు. ఇంటి వాకిట నా తొట్టి ఉంది. అందులో కొత్తిమీర మొలిచి ఉంది.

పంతులు భార్యది సోమల దగ్గర సేద్యపు కుటుంబం. భూమి తెలిసిన మనిషి. నేను ఎవరో, ఎందుకు వచ్చానో విని, పీట వేసి, మజ్జిగ ఇచ్చి, ఆ తరువాత నన్నే నిలదీసింది.

"అది ఏం చామప్పా? మా అమ్మగారింట్లో చామ మళ్లు ఉండాయి. ఆకు పసుపు తిరిగి వాలిందంటే గడ్డ ముదిరినట్టే. తవ్వితి. సూస్తే గడ్డ లేదు, ఏమీ లేదు, తోలు మాదిరి ఏర్లు. సరే, నాటు వేరేమో అనుకొని చింతపండు ఏసి పులుసు పెడ్తి. పొద్దున పొయ్యి మీద పెడితే పొద్దు తిరిగినా ఉడకలే!"

"తిన్నారా?"

"మా ఆయన ఒక ముక్క నోట్లో ఏసుకొని, చెప్పు కొరుక్కుంటే ఇంకా మెత్తగా ఉంటుంది అన్నాడు." ఆమె నవ్వి, నా ముఖం చూసి ఆపింది. "దురదన్నా పెట్టలే. దురద పెట్టని చామ యాడుంటుంది నాయనా?"

నేను పెరట్లోని పేడ గుంత చూపించమన్నాను. ఉడికిన వేరు మొలవదని నాకు తెలుసు. తెలిసీ చొక్కా చేతులు పైకి మడిచి వెతికాను. చింతపండు పిప్పితో కలిసి నల్లబడిన పీచులు దొరికాయి. వాటిని రుమాలులో కట్టుకొన్నాను. ఆమె పెరటి గుమ్మంలో నిలబడి చూసి, మెల్లగా అంది.

"అంతా ఒండలేదప్పా. సగం విత్తనానికని కుప్పంలో మా కూతురికి పంపితి, పోయిన ఆదివారమే."

ఆ ఒక్క వాక్యం చెప్పినందుకే నేను ఆమెను ఈ అన్యాయాల జాబితాలో చేర్చలేదు.

కుప్పం చేరడానికి నాకు మరో రెండు రోజులు పట్టింది; మధ్యలో బస్సు చెడిపోయింది. ఆ రెండు రోజులూ నా దగ్గర ఇంటి నుండి వెంట తెచ్చిన కొత్త డబ్బా ఉంది, అందులో తడి నాచు ఉంది. సగం దుబ్బు చాలు. ఒక పాయకు ఒక్క మొగ్గ ఉన్నా చాలు. నాకు తెలిసిన ప్రార్థనలలో మొక్కలకు పనికివచ్చేవి ఏవీ లేవు. అయినా చేశాను.

పంతులు కూతురు కొత్తగా కాపురానికి వచ్చిన చిన్న పిల్ల. నేను ఆసుపత్రి నుండి వచ్చానని చెప్పగానే సంతోషించి పెరట్లోకి తీసుకొనిపోయింది. ఆమె చేసిన పని చూసి నా గుండె ఒక్కసారి లేచింది. పశువుల కొట్టం నీడన, మెత్తగా తవ్వి, ఎరువు వేసి, కోళ్లు రాకుండా చుట్టూ కంప నాటి ఉంచింది. నా తోటలో నేను కూడా అంతకంటే బాగా చేయలేదు.

"అమ్మ చెప్పి పంపె, బంగారు ఆకు చామ, భద్రం అని. పొద్దున రెండు కడవలు, సాయంత్రం రెండు కడవలు పోస్తాండా సార్. ఒక్క దినం తప్పలే. ఇంకా మొలవలే. మంచి టయానికి వచ్చినారు, ఏమన్నా మందుంటే సెప్పండి."

నిద్రలో ఉన్న వేరుకు నీరు పోయరాదు. చీటీ మీద నేను ఆ మాట ఎన్నడూ రాయలేదు. చలిపెట్టెలో ఎవరూ నీళ్లు పోయరు కనుక.

తవ్వాను. అది వేళ్లతో పట్టుకోగానే జారిపోయింది. వాసన వచ్చింది. మొగ్గలు ఉండవలసిన చోట తడి బూడిద వంటి పదార్థం ఉంది. నేను దానిని మూడు సార్లు, మూడు వైపుల నుండి చూశాను. ఎక్కడా గట్టి చోటు లేదు.

"తప్పు సేసినానా సార్?"

"లేదమ్మా," అన్నాను.

ఇక ఏడవది.

ఆకులన్నీ రాలే వరకు ఆగవలసిన పని లేదు. సగం వాలితే చాలు, వేరు తీయవచ్చు. డాక్టరమ్మగారు ప్రతి యేడూ అలాగే తీశారు. ఆమె పోయిన తరువాత మొదటి యేడు, అనగా 1944 చివర, నేనూ అలాగే తీశాను. కాని 1945లో నేను పుస్తకంలో ఒక కొత్త గడి గీశాను: 'చివరి ఆకు రాలిన తేదీ.' దానికోసం ఒక్కొక్క ఆకు రాలిన తేదీ రాస్తూ, నలభై ఆరింటిలో ముప్పై అయిదు తేదీలు నింపాను. పదకొండు మిగిలాయి. డబ్బా సిద్ధంగా ఉంది, నాచు సిద్ధంగా ఉంది, చలిపెట్టెలో అర ఖాళీగా ఉంది. కుప్పం బయలుదేరే రోజు ఉదయం నేను తొట్టి ముందు నిలబడి, తీయనా అని ఆలోచించి, ఆ గడి అసంపూర్ణంగా మిగిలిపోతుందని, తిరిగి వచ్చాక తీద్దామని వదిలి వెళ్లాను. తీసి ఉంటే బల్ల ముందు పెట్టడానికి వాళ్లకు ఖాళీ తొట్టి తప్ప ఏమీ దొరికేది కాదు. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

1946 వసంతంలో నర్సు ప్రయాణమైంది. నేను ఆమె చేతికి ఏమీ ఇవ్వలేదు. డాక్టరమ్మగారి ఉత్తరం వచ్చింది: పాయ అందలేదు, మొక్క బాగుందా, ఎన్ని ఆకులు? నేను రాశాను: 'ఈ సంవత్సరం ఆకులు ఇంకా రాలేదు.' ఇది అబద్ధం కాదు. నా జీవితంలో నేను రాసిన అత్యంత నీచమైన నిజం ఇది. తరువాత 1947లో ఒక ఉత్తరం, 1948లో ఒకటి. రెండింటికీ జవాబు రాయలేదు. ఇరవై తొమ్మిది యేళ్లు చీటీలు రాసినవాడిని, ఒక్క వాక్యం రాయలేక కలం కడిగి పెట్టాను.

ఈ యేడు, 1949 అక్టోబరులో వచ్చిన ఉత్తరంలో చేతిరాత ఆమెది కాదు. ఆమె పడక మీద ఉన్నారని, ఆమె చెబుతుంటే తాను రాస్తున్నానని ఎవరో రాశారు. మూడు వాక్యాలే. అందరి క్షేమం అడిగారు. నేను ఉద్యోగం విరమించానని విన్నారు. మూడవ వాక్యం ఎప్పటిదే: ఎన్ని ఆకులు?

ఇప్పుడు నేను రాయాలి. ఆమె ఉండగానే అది చేరాలి. చేరినా ఆమెకు మేలు చేయదని తెలుసు. తల్లి ఇల్లు పోయింది, తల్లి పోయింది, మిగిలిన ఒక్క వేరు ఒక పేడ గుంతలోనూ ఒక కొట్టం నీడలోనూ పోయింది అని చావుబతుకుల మీద ఉన్న మనిషికి చెప్పడంలో ధర్మమేమిటో నాకు అంతుపట్టడం లేదు. రాయకపోతే ఆమె అడుగుతూనే పోతారు. రెండింటిలో ఏది చేసినా ఆకులు సున్న.

అయినా రాసేది పూర్తిగా రాయాలి. అందుకే ఈ అర్జీ.

మదనపల్లె సంఘపెద్దల కమిటీవారికి:

ఈ క్రింది ప్రశ్నలకు తమ సంతకాలతో, వ్రాతపూర్వకంగా జవాబు కోరుతున్నాను. ఒకటి, నా సంరక్షణలో ఉన్న మొక్కను ఎవరి అనుమతితో తీసుకొన్నారు? రెండు, అది అలంకారమే కాని అర్పణ కాదని తెలిసిన వారు ఆ మందిరంలో ఎందరు ఉన్నారు, వారిలో ఒక్కరైనా ఎందుకు లేచి చెప్పలేదు? మూడు, నా మూడు అర్జీలు ఇప్పుడు ఎక్కడ ఉన్నాయి?

'మాట్లాడుకున్నాము కదా' అనేది జవాబుగా స్వీకరించబడదు. ఓడ టపా వారాలు పడుతుంది; ఆమెకు అన్ని వారాలు ఉన్నాయో లేవో తెలియదు. కనుక ఈ కాగితం అందిన ఏడు దినములలో జవాబు ఇవ్వగలరు. దానిని నేను మార్చకుండా, నా ఉత్తరంతో జతచేసి ఆమెకు పంపుతాను.

ఏడవ అన్యాయానికి బాధ్యుడైన వ్యక్తి తన జవాబును ఇదివరకే రాసి, సంతకం చేసి, ఆ కొత్త డబ్బాలో ఉంచాడు. డబ్బాలో ఇంకా చోటు ఉంది. తమ జవాబు కోసం ఎదురు చూస్తున్నాను.